ఏసీ వేసిన దొంగ

సోమవారం ఉదయానికి రాజారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి పూజ ముగించాలి. నాలుగు ఇడ్లీలు తినాలి. కారు అద్దం మీద మంచు గీకాలి. తొమ్మిదికల్లా నేపర్‌విల్‌లో ఆఫీసు చేరాలి. అరోరాలో జనవరి నెలలో బుద్ధున్నవాడెవడూ ఇంతకంటే పెద్ద ప్లాను వేసుకోడు. బయట చలి సున్నాకి పది డిగ్రీలు కింద ఉంది. గరాజ్ నిండా బియ్యం బస్తాలూ, పాత సోఫా, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లూ ఉన్నాయి కాబట్టి ఆయన మినీవ్యాన్ మాత్రం వాకిట్లో మంచులో నిలబడుతుంది.

ఎక్కి స్టార్ట్ చేశాడు. డాష్‌బోర్డు మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. దాని మీద ఏసీ అని రాసి ఉంది. రాజారావు కాసేపు దాన్నే చూసి, బూట్లు కూడా విప్పకుండా ఇంట్లోకి వచ్చేశాడు.

"గిరిజా! కార్లో ఏసీ ఎవరు వేశారు?"

వంటింట్లో గిరిజ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. "ఏసీయా? ఈ చలిలో ఏసీ ఎవరేస్తారండీ?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఈ చలిలో ఏసీ వేసేవాడు మామూలు మనిషి కాదు. శ్రీవల్లీ! కిందికి రా!"

పదహారేళ్ల కూతురు మెట్ల మీంచే తొంగి చూసింది. "నాన్నా, నేను కాదు. ఐ డోంట్ ఈవెన్ లైక్ దట్ వ్యాన్. ఫ్రెండ్స్ ముందు దాంట్లో రాను కూడా."

"నువ్వు కాదు, నేను కాదు, మీ అమ్మ ఎలాగూ కాదు. అంటే బయటివాడే," అని తేల్చాడు రాజారావు. తాళం వేసి, లాగి చూసి, పది అడుగులు నడిచాక వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసే మనిషి ఆయన. అలాంటి మనిషి కారులోకి దొంగ దూరడమంటే ఆయనకు తలకొట్టేసినట్టయింది.

మీ అమ్మ ఎలాగూ కాదు అన్న మాట ఆలోచించి అన్నది కాదు. గిరిజకు డ్రైవింగ్ రాదు. ఆ మాట నిజమే, కాకపోతే ఆరు వారాల కిందటి నిజం.

మూడేళ్ల కిందట గుడి పార్కింగ్ లాట్‌లో రాజారావు భార్యకు డ్రైవింగ్ నేర్పడానికి పూనుకున్నాడు. నలభై నిమిషాల్లో నూటఇరవై సార్లు "బ్రేక్!" అని అరిచాడు. చివరిసారి అరిచినప్పుడు గిరిజ బ్రేకూ వేసింది, తలుపూ తీసింది, చెప్పుల కాళ్లతో రెండు మైళ్లు నడిచి ఇంటికొచ్చేసింది. అప్పట్నుంచి "నీకెందుకు డ్రైవింగ్, నేనున్నాగా" అనేది ఆ ఇంట్లో శాసనం. ఆయన ఉన్నమాట నిజమే. శనివారం కూరగాయలకు ఉన్నాడు, ఆదివారం గుడికి ఉన్నాడు. మిగతా ఐదు రోజులూ గిరిజ కిటికీలోంచి వచ్చేపోయే కార్లు చూసేది.

అలా చూసీ చూసీ విసుగెత్తి, శ్రీవల్లి చిన్నప్పుడు చదివిన స్కూల్లో లైబ్రరీ అసిస్టెంట్ ఉద్యోగానికి ఎవరికీ చెప్పకుండా అప్లై చేసింది. వచ్చేసింది. వచ్చే సోమవారం చేరాలి. రెండు స్కూళ్ల మధ్య పుస్తకాలు తిప్పే పని కాబట్టి ఒకటే షరతు, లైసెన్సు ఉండాలి. శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆమెకు రోడ్ టెస్ట్. అది పోతే మళ్లీ నెల దాకా తేదీలు లేవు. స్కూలువాళ్లు నెల ఆగరు.

పక్కింటి రేణు ఆమెకు గురువు. రాజారావు రోజూ ఏడు నుంచి ఎనిమిది దాకా బేస్‌మెంట్‌లో తలుపేసుకుని గంట వాయిస్తూ పూజ చేస్తాడు. సరిగ్గా ఆ గంటలోనే ఇన్నాళ్లూ రేణు తన కార్లో నేర్పింది, టెస్టు వ్యాన్‌లోనే కాబట్టి ఈ వారం నుంచి వీళ్లిద్దరూ వ్యాన్ తీస్తున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ సంగతిలో ఈశ్వరుడి తప్పేమీ లేదు. ఆ గంటసేపూ రాజారావే ఆయన్ని కదలనివ్వడం లేదు.

రేణు కరీంనగర్ పిల్ల. మొదటిరోజు గిరిజ కూడా చలికాలంలో ఏసీ ఏంటని అడిగితే నవ్వేసింది. "ఏసీ అంటే చల్లగాలే అనుకుంటరు అక్కా. అది గాలిల తడిని గుంజుతది. హీటర్ వేడి జేస్తది, ఏసీ ఆరబెడతది. రెండూ గలిస్తేనే అద్దం సాఫ్ అయితది. ఇగో, అద్దం బొమ్మున్న ఈ డీఫ్రాస్ట్ బటన్ నొక్కినవంటే ఏసీ దానంతటదే వస్తది. లోపలి గాలిని లోపలనే తిప్పే బటన్ మాత్రం బంద్ జెయ్యి, లేకుంటే మన ఊపిరే మన అద్దం మీద గూసుంటది."

గిరిజ అన్నీ గుర్తుపెట్టుకుంది. సోమవారం వ్యాన్ దిగేముందు ఏసీ ఆర్పడం ఒక్కటే మరిచిపోయింది.

రాజారావు పద్ధతి వేరు. హీటరూ ఏసీ కలిపి వేయడమంటే ఆయన దృష్టిలో మరుగుతున్న సాంబారులో ఐసుముక్కలు వేయడమే. ఆయన హీటర్ పెడతాడు, బయటి చల్లగాలి రాకుండా గాలిదారి మూస్తాడు. అద్దం నిండా ఆవిరి పడుతుంది. కిటికీ రెండంగుళాలు దించి, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో తువ్వాలుతో అద్దాన్ని తుడుస్తాడు. బయటి మంచుని మాత్రం పళ్లెమంత మేర గీకి, అందులోంచి మెడ సాచి చూస్తూ ఆఫీసుకు పోతాడు. మిగతా అద్దం ఎండొచ్చాక అదే కరుగుతుందని ఆయన నమ్మకం.

మంగళవారం గిరిజ జాగ్రత్తపడింది. ఏసీ ఆర్పింది, సీటు కూడా అందాజాగా వెనక్కి జరిపింది. ఎనిమిదింబావుకి రాజారావు వ్యాన్ దగ్గరికెళ్లి, వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాడు.

"గిరిజా, అద్దం మీద మంచు లేదు."

"మంచిదేగా అండీ. గీకే పని తప్పింది."

"ఊరంతా పడ్డ మంచు మన అద్దం మీద ఎందుకు పడలేదు? ఎవరో శుభ్రంగా కరిగించిపెట్టారు. సీటు చూస్తే వెచ్చగా ఉంది. రోజూ ఉండే చోటు నుంచి రెండంగుళాలు ముందుకుంది. అంటే దొంగ పొట్టివాడు!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో గిరిజకు ఆ పూట తెలిసింది. ఆమె ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. "పాపం ఎవరో చలికి తట్టుకోలేక కాసేపు కూర్చుని వెళుతున్నారేమో," అంది చట్నీ వడ్డిస్తూ.

"చలికి తట్టుకోలేనివాడు ఏసీ వేస్తాడా?"

గిరిజ ఆయన పళ్లెంలో ఇంకో ఇడ్లీ వేసింది. ఆ తినేవాడికి దొంగ పొట్టివాడనీ, అద్దాలు తుడిచే బుద్ధిమంతుడనీ, తన తాళాలకు లొంగనివాడనీ తోచింది గానీ, ఎదురుగా నిలబడి ఉందని మాత్రం తోచలేదు.

ఆ సాయంత్రం రాజారావుకు ఉపాయం తట్టింది. కొత్త కారు పూజలో టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మనవాళ్లందరికీ తెలిసిందే. కారు కదిలితే నిమ్మకాయ చితుకుతుంది. దొంగకు ఆ సంగతేం తెలుసు? నాలుగు చక్రాల కిందా నాలుగు కాయలు పెట్టాడు. ఎలాగూ పెడుతున్నాం కదా అని వాటికి కుంకుమ బొట్లు కూడా పెట్టాడు.

మైనస్ పది డిగ్రీల్లో రాత్రంతా ఉన్న నిమ్మకాయ తెల్లారేసరికి గుండ్రాయి అయి కూర్చుంటుందని ఆయన లెక్కలోకి రాలేదు. బుధవారం ఉదయం గిరిజ రివర్స్ గేరు వేయగానే వ్యాన్ ఒక్క ఎగురు ఎగిరింది. వెనక చక్రం కింద ఏదో టప్పుమని పక్కకు చిమ్మింది.

"అక్కా, ఏమో తొక్కినవ్!" అంది రేణు.

ఇద్దరూ దిగి చూశారు. బొట్లతో సహా చెక్కుచెదరని మూడు నిమ్మకాయలు దొరికాయి. నాలుగో చక్రం కింద కూడా ఒకటి ఉండే ఉంటుందని ఇద్దరికీ అర్థమైంది. తిరిగొచ్చాక మూడూ ఉన్నచోట సర్దారు. నాలుగోది ఎంత వెతికినా కనబడలేదు. ఈలోగా కింద హారతి గంట మోగింది.

రాజారావు వచ్చి వంగి చూశాడు. మూడు కాయలు నిక్షేపంగా ఉన్నాయి, అంటే కారు కదల్లేదు. ఒకటి లేదు, అంటే దొంగ వచ్చాడు. కదలని కారులో కూర్చుని ఏసీ వేసుకుని నిమ్మకాయ పట్టుకుపోయే దొంగ ఎలాంటివాడై ఉంటాడా అని ఆఫీసులో రోజంతా ఆలోచించాడు.

ఆ నాలుగో కాయ రేణు ఇంటి గడప ముందు ఆగింది. దాన్ని మొదట చూసినవాడు రేణు మామగారు ధర్మారావు. డెబ్బై రెండేళ్ల మనిషి. రాజారావు మంచు ఊడ్చే మెషీన్‌తో తమ వాకిట్లోకి మంచు ఎగజిమ్ముతున్నాడని నవంబరు నుంచి ఆయనకు కోపం, మాటల్లేవు. అలాంటి పొరుగింటి నుంచి కుంకుమ పెట్టిన నిమ్మకాయ దానంతటది గడప ముందుకు రాదు. ఎవరో పంపితేనే వస్తుంది. ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. కాయను జిప్‌లాక్ కవర్లో భద్రపరిచాడు. సాయంత్రం కొడుకు మోహన్ చేత ఇండియన్ స్టోర్ నుంచి బూడిద గుమ్మడికాయ తెప్పించి, అందులో కుంకుమ నింపి, ఇంటి చుట్టూ దిష్టి తీసి, రెండు వాకిళ్ల సరిహద్దులో ఫెడేలున పగలగొట్టాడు.

గుమ్మడికాయలో నీళ్లు చాలా ఉంటాయి. తెల్లారేసరికి సరిహద్దు పొడుగునా ఎర్రటి గాజుపలక పరిచినట్టయింది. గురువారం ఎనిమిదింబావుకి బ్యాగు భుజాన వేసుకుని, దొంగ ఆనవాళ్ల కోసం నేలచూపులు చూస్తూ బయల్దేరిన రాజారావు, నేలను బాగా దగ్గరగా చూడవలసి వచ్చింది.

"అమ్మో, నడుము!" అని లేచి, చేతికంటిన ఎరుపు రక్తం కాదు కుంకుమేనని రెండుసార్లు వాసన చూసి ధ్రువపరుచుకుని, పక్కింటి తలుపు బాదాడు. "ధర్మారావు గారూ! మీ గుమ్మడికాయ మా వాకిట్లో ఏం చేస్తోంది?"

తలుపు వెంటనే తెరుచుకుంది. ధర్మారావు ముందురోజు నుంచీ ఇందుకోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. "నీ నిమ్మకాయ మా గడపకాడ ఏం జేస్తుందో ముందు అది జెప్పవయ్యా!" అంటూ కవరు పైకెత్తి చూపించాడు.

రాజారావు మొహం వెలిగిపోయింది. "నా నిమ్మకాయ మీ దగ్గరుందా! అయితే మా కార్లో ఏసీ వేస్తున్నది మీరేనన్నమాట!"

"ఏసీయా? ఏం ఏసీ? నాకు ముసలితనం వచ్చిందిగని పిచ్చి రాలే!"

రాజారావు ఆయన్ని కాలి నుంచి తల దాకా కొలిచాడు. సీటు జరిపిన దూరానికి ఆ పెద్దమనిషి సరిగ్గా సరిపోయాడు. "మీకు లైసెన్సు కూడా లేదు. అందుకే దొంగచాటుగా కూర్చుంటున్నారు."

"ఎవరయ్యా దొంగ? చేతబడి జేసేటోనివి నువ్వు నన్ను దొంగంటవా? రేణూ, పోలీసులకు ఫోన్ గొట్టు!"

రేణు కోటు తొడుక్కుంటూ వచ్చి మామగారి చేయి పట్టుకుంది. తన ఇంటి కిటికీ వెనక గిరిజ చేతులు జోడించి నిలబడి ఉంది. రేణు ఒక్క మాట చెబితే రెండు ఇళ్ల గొడవా చల్లారిపోతుంది, శుక్రవారం టెస్టూ దాంతోనే పోతుంది. "మామయ్యా, చలిగున్నది, లోపటికి రాండ్రి. అన్నా, మీరు ఆఫీసుకు వోండ్రి," అని ఇద్దర్నీ విడదీసింది.

మధ్యాహ్నం గిరిజ ఫోన్ చేసింది. "రేణూ, నాకు మనసేం బాగాలేదు. మీ మామయ్యగారు మాటపడ్డారు, ఈయన నడుం విరగ్గొట్టుకున్నారు. చెప్పేయనా?"

"ఒక్క రోజు ఆగు అక్కా. ఇప్పుడు జెప్తే ఏమైతది?"

గిరిజ ఆలోచించింది. "రేపు నా పక్కన కూర్చుంటారు. బ్రేక్ అంటారు. ఇక నేను పాసయినట్టే." ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. ఉద్యోగం వచ్చిందన్న సంతోషం మొగుడితో చెప్పుకోలేకపోవడం ఆమెకు దొంగతనం కంటే బాధగా ఉంది.

శుక్రవారం ఇంటి నుంచే పని కాబట్టి రాజారావు ఆ రోజే దొంగను పట్టాలనుకున్నాడు. "రేపు పూజ పెద్దది," అన్నాడు గురువారం భోజనాల దగ్గర. "తొమ్మిదిన్నర దాకా బేస్‌మెంట్‌లోంచి రాను. ఎవరూ పిలవొద్దు." గిరిజ సంతోషం పట్టలేక ఆయనకు ఇంకో గరిటె నెయ్యి వేసింది. భార్య భక్తికి రాజారావు కూడా సంతోషించాడు.

పొద్దున్నే బేస్‌మెంట్‌లో భక్తి పాటలు పెద్ద సౌండ్‌లో పెట్టి, పెరటి తలుపులోంచి చుట్టూ తిరిగి వ్యాన్ చేరాడు. కట్టుకున్న పంచె మీదే లావుపాటి జాకెట్టు, నుదుట విభూతి, నెత్తిన మంకీ క్యాపు. రాత్రంతా ఇండియా టీమ్‌తో పనిచేసి నిద్ర లేదు. మూడో వరస సీటు మీద పడుకుని, అక్కడే ఉండే పాత బొంత నిండా కప్పుకున్నాడు. చలికి ఆగలేక తన పద్ధతిలోనే, గాలిదారి మూసి, పావుగంట హీటర్ వేసి ఆపాడు. ఆ వెచ్చదనానికి దొంగ సంగతి మరిచి గాఢంగా నిద్రపోయాడు.

ఏడున్నరకు గిరిజా రేణూ వచ్చి తలుపు తీశారు.

"అక్కా, ఇయ్యాల లోపట గూడ మంచు వట్టింది సూడు! రాత్రంత ఎవరో ఇండ్ల ఊపిరిడిసినట్టున్నది."

"దొంగేమో," అంది గిరిజ. వారమంతా పడ్డ భయమంతా పోయేలా ఇద్దరూ నవ్వుకున్నారు. గిరిజ డీఫ్రాస్ట్ నొక్కింది, గాలిదారి తెరిచింది, వేడి పెంచింది. ఎనిమిది నిమిషాల్లో అద్దం తేటపడింది.

టెస్ట్ సెంటర్లో రేణు దిగి వెయిటింగ్ రూంలోకి వెళ్లింది. ఎగ్జామినర్ దిట్టంగా ఉన్న ఒక తెల్లావిడ. అట్ట మీద కాగితం పెట్టుకుని పక్కసీట్లో కూర్చుంది. హారన్ చూపించమంది, అత్యవసర లైట్లు చూపించమంది, డీఫ్రాస్టర్ చూపించమంది. గిరిజ తడుముకోకుండా అన్నీ చూపించి, మళ్లీ ఆపింది. రోడ్డెక్కాక ఎడమ మలుపు, కుడి మలుపు, మూడు దఫాల్లో వెనక్కి తిప్పడం, ఎత్తు మీద పార్కింగ్ అన్నీ అయ్యాయి. కాగితం మీద పెన్ను ఒక్కసారి కూడా కొట్టివేసిన చప్పుడు చేయలేదు. గిరిజ లోపల లోపలే స్కూలు లైబ్రరీ అలమరాలు చూసుకుంటోంది.

ఒక స్టాప్ సైన్ దగ్గర బండి ఆగి కదిలినప్పుడు రాజారావుకు మెలకువ వచ్చింది. బండి కదులుతోంది! ముందు రెండు గొంతులున్నాయి, రెండూ ఆడవే, రెండూ ఇంగ్లీషే. ఒకామె "నెక్స్ట్ లైట్ దగ్గర లెఫ్ట్" అంటోంది. రెండో ఆమె నింపాదిగా, స్పష్టంగా "యెస్ మామ్, టర్నింగ్ లెఫ్ట్ నౌ" అంటోంది. ఆ రెండో గొంతు ఎవరిదో ఆయనకు తెలియలేదు. పంతొమ్మిదేళ్ల కాపురంలో గిరిజ ఇంగ్లీషు మాట్లాడగా ఆయన వినలేదు. డాక్టరు దగ్గరైనా, స్కూల్లోనైనా, బ్యాంకులోనైనా ఆవిడ తరఫున ఆయనే మాట్లాడేవాడు.

దొంగలు ఇద్దరు, ముఠా అని తేలింది. పోలీసులకు మెసేజ్ పెడదామని బొంత కింద ఫోన్ తీశాడు. పోలీసులు వచ్చేదాకా ఊపిరి కూడా గట్టిగా తీయకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటికే తీసిన ఊపిరి మాత్రం ముందుకు పోయి చేయాల్సిన పని చేసింది. లోపల కూర్చున్నది ఇద్దరే అయినా అద్దం మీద ముగ్గురి ఆవిరి పేరుకుంది. ఎవరూ చెప్పకుండానే గిరిజ చేయి చాచి డీఫ్రాస్ట్ నొక్కింది. ఫ్యాను హోరెత్తింది. సీట్ల సందులోంచి రాజారావుకు ఆకుపచ్చ దీపం కనిపించింది.

ప్రాణభయం, పోలీసులు, ముఠా అన్నీ మరిచిపోయాడు. బొంత విసిరేసి లేచి కూర్చున్నాడు.

"ఏసీ ఆపు! చలికాలంలో ఏసీ ఏంటి, బుద్ధుందా!"

ఎగ్జామినర్ కెవ్వున అరిచింది. ఆవిడ పెన్ను ఎగిరి వ్యాన్ పైకప్పుకు తగిలింది. గిరిజ అరవలేదు. ఆ గొంతు వెనకనుంచి రావడం కొత్త గానీ, ఆ గొంతు ఆమెకు కొత్త కాదు. అద్దంలో వెనక చూసింది, సిగ్నల్ వేసింది, ఐసు మీద బ్రేకు మెల్లగా అదిమింది, రోడ్డు వారగా ఆపింది, గేరు పార్కులో పెట్టింది, అత్యవసర లైట్లు వేసింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

"ఏమండీ... మీరా!"

"గిరిజా? దొంగవి నువ్వా!"

ఎగ్జామినర్ ఒక చేత్తో గుండె, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుంది. మంకీ క్యాపు, విభూతి, పంచె వరసగా చూసింది. "మామ్, ఈ మనిషెవరో మీకు తెలుసా?" అంది ఇంగ్లీషులో.

గిరిజ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ కొద్ది క్షణాలూ రాజారావు పంతొమ్మిదేళ్ల కాపురాన్ని ఒకసారి తిరగేసుకున్నాడు. "నా భర్తే," అంది చివరికి. "అపాయం లేదు. ఏసీ అంటే పడదు, అంతే."

"టెస్టులో మూడో మనిషి ఉండకూడదు. రూలు. ఇక్కడితో ఆపేయాలి," అంది ఎగ్జామినర్.

గిరిజ చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడికేసి చూడకుండా తెలుగులో మాట్లాడింది. "ఆరు వారాలు నేర్చుకున్నానండీ. నాకు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. మీకు చెబితే పక్కన కూర్చుని అరుస్తారని చెప్పలేదు. వెనక కూర్చుని అరుస్తారని అనుకోలేదు."

రాజారావుకు దొంగ దొరికింది, దొరికిందన్న సంతోషం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ముందుకు వంగి ఎగ్జామినర్‌తో అన్నాడు. "మేడమ్, తప్పంతా నాది. నేను లోపలున్నట్టు ఆవిడకు తెలియదు. ఆవిడ చాలా బాగా నడిపింది. నేను మెలకువగా ఉన్నంతసేపూ చూశాను."

"అయితే ఎందుకు అరిచారు?"

ఆయన ఏసీ సిద్ధాంతం వివరించాడు. ఎగ్జామినర్ శ్రద్ధగా విని, "మరి మీరు అద్దం ఎలా తుడుచుకుంటారు?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆయన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఉత్సాహంగా చెప్పాడు. తువ్వాలు గురించి, రెండంగుళాల కిటికీ గురించి, పళ్లెమంత కంత గురించి, అందులోంచి హైవే మీద మెడ ఎలా సాచాలో చేసి కూడా చూపించాడు.

"ఎన్నాళ్లుగా?"

"పంతొమ్మిది చలికాలాలు," అన్నాడు రాజారావు గర్వంగా.

ఎగ్జామినర్ ఇంకేమీ అనలేదు. కింద పడ్డ పెన్ను తీసుకుని, గిరిజ కాగితం వెనక్కి తోసి, అడుగునుంచి వేరే కాగితం తీసింది. "మీ లైసెన్సు ఇలా ఇవ్వండి, సర్."

సెంటర్‌కి తిరిగొచ్చాక ఆవిడ గిరిజతో అంది. "ఈయన లేచేసరికి మీరు చేయాల్సినవన్నీ చేసేశారు. రోడ్డు వారగా జాగ్రత్తగా ఆపి చూపించడం ఒకటే మిగిలింది. అది నేను అడగకముందే చేశారు. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. వెనక ఇలాంటి మనిషి లేచాక కూడా స్టీరింగ్ వదలనివాళ్లను చూడలేదు. మూడో మనిషి సంగతి మీకు తెలియదు కాబట్టి మీ కాగితం మీద రాయడం లేదు. ఆయన కాగితం మీద రాశాను."

గిరిజ పాసయింది. రాజారావు ముప్ఫై రోజుల్లోగా మళ్లీ రోడ్ టెస్టుకు హాజరు కావాలని ఆయన కాగితం మీద ఉంది. రేణు రెండు కాగితాలూ చదివి, నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తింది.

ఇంటికి గిరిజే నడిపింది. పక్కసీట్లో రేణు కూర్చుంది. ఎక్కడ కూర్చోవాలో రాజారావును ఎవరూ అడగలేదు, ఆయనంతట ఆయనే మూడో వరసలోకి వెళ్లి బొంత కప్పుకున్నాడు. దారిలో రెండుసార్లు ఆయన నోరు తెరిచాడు. మొదటిసారి "కంగ్రాట్స్ గిరిజా" అన్నాడు. రెండోసారి "ధర్మారావు గారికి నేనే సారీ చెప్తాలే" అన్నాడు. అద్దంలోంచి గిరిజ ఆయన్ను చూసింది, కోపంగా ఉందామనుకుంది గానీ కుదరలేదు.

ఇంకా ఇల్లు చేరకముందే, తొమ్మిదిన్నరకు ఆయన ఫోన్ మోగింది. ఆఫీసు టీమ్ అంతా లైన్లో ఉన్నారు. రోజూ ఉదయం అందరినీ అడిగే ప్రశ్నే టీమ్ లీడ్ అనుష్క ఆయన్నూ అడిగింది. "రాజారావు గారూ, మీ వైపు పనికి ఏమైనా అడ్డం ఉందాండీ?"

"ఇవాళ ఏం లేదండీ," అన్నాడు రాజారావు. "ఉన్న ఒక్క అడ్డాన్నీ వెనకసీట్లో కూర్చోబెట్టారు."